వదిన నోట్లో నిప్పు

ఖరగ్‌పూర్,
18 జూన్ 2024

వదినా,

నమస్కారాలు తర్వాత పెడతాను, ముందు నీతో దెబ్బలాట ఉంది. బండి ఆలస్యంగా చేరింది, నువ్వు కట్టిచ్చిన పులిహోర బరంపురం దాటకముందే అయిపోయింది, మేమిద్దరం క్షేమం. క్షేమసమాచారాలు ఇంతటితో చాలు.

నేను నిన్ను పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది దవడ పన్ను నొప్పికి. ఆ అమ్మాయి సత్యశ్రీ ఎంతో మర్యాదగా "నోరు ఇంకాస్త తెరవండమ్మా" అంది. టార్చి వేసి చూసి, నన్ను కూడా పిలిచి చూపించింది. నీ అంగిలి నిండా తెలుపు, సున్నం పూసినట్టు. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. "చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని, అడ్డపొగ కాలుస్తారా?" అని ఆవిడ అడగ్గానే నువ్వు నోరు మూసుకుని, చెప్పులు తొడుక్కుని, వెళ్ళి ఆటోలో కూర్చున్నావు. పన్ను సంగతే మర్చిపోయావు. ఆసుపత్రిలో వార్డు సిస్టరుగా చేసి రిటైరైనదాన్ని, పారిపోయే పేషెంట్లను ఎందరినో వెనక్కి పట్టుకొచ్చాను గానీ సొంత వదినను పట్టుకోలేకపోయాను.

ఫోను చేస్తే నీకు వినబడదు. అన్నయ్యకు చెప్పి నీకు చెప్పమంటే సగం ఆయనే మింగేస్తాడు. అందుకని ఈ ఉత్తరం. చించేస్తే మళ్ళీ రాస్తాను.

మాకు ట్రైనింగులో ఒక సంగతి చెప్పేవారు. ఏ అలవాటునైనా మనిషి ఒక్క గెంతులో మానలేడు. మొదట్లో అది తప్పని కూడా తోచదు. తర్వాత తోస్తుంది గానీ రేపు, ఎల్లుండి అంటాడు. ఆ పైన మానడానికి ఒళ్ళూ ఇల్లూ సర్దుకుంటాడు. అప్పుడు మానతాడు. మానాక ఉంది అసలు పని, నిలబడటం. మధ్యలో జారేవాళ్ళూ ఉంటారు, జారినవాళ్ళు మళ్ళీ ఎక్కుతారు. నువ్వేమో మొదటి మెట్టు మీద పీట వేసుకుని కూర్చున్నావు. లేచి రెండో మెట్టు ఎక్కు. నెలాఖరుకల్లా అడ్డపొగ మానేశానని నాకు ఉత్తరం రావాలి.

అన్నయ్యకు నమస్కారాలు. నీకు కూడా, ఇందాక బాకీ పడ్డవి.

నీ ఆడపడుచు,
అప్పలలక్ష్మి

*

పెదబొడ్డేపల్లి, నర్సీపట్నం,
2 జులై 2024

లక్ష్మీ,

మీ ఇద్దరికీ నా ఆశీస్సులు. మీ ఆయన మోకాళ్ళకు రాయమని తైలం పంపుదామనుకున్నాను, సీసా పగులుతుందని మీ అన్నయ్య వద్దన్నాడు.

నువ్వు నన్ను దబాయించడం మాని ఒకటి చెప్పు. ఆ డాక్టరమ్మ నా నోట్లో టార్చి వేసి నిన్ను పిలుస్తుందా? సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు ఇద్దరూ చూశారు. నేను నోరు తెరిచింది పన్ను నొప్పికి, మీకు పాఠం చెప్పుకోవడానికి కాదు. పన్ను ఇంకా నొప్పి పెడుతూనే ఉంది, ఆ సంగతి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

ఇది నాకు ఎవరు నేర్పారో నీకు తెలియదేమో. కాపురానికి వచ్చిన మొదటి ఏడు ఊడ్పుల్లో, వానలో నేను వణుకుతుంటే మీ అమ్మే తన నోట్లోంచి తీసి నా నోట్లో పెట్టింది. "నిప్పు లోపలెట్టుకోయే కోడలా, వానకారదు, మామ సూడడు" అంది. రెండు చేతులూ నారు మీద ఉంటే చుట్ట పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడినుంచి తెస్తాం? మామగారు గట్టు మీద ఎదురైతే పెదాలు మూస్తే సరిపోయేది. మగాళ్ళలాగ నిప్పు బయటికి పెట్టుకుని వీధిలో తిరిగే ఆడది మన ఇంటా వంటా లేదు. మర్యాదగా కాల్చుకున్న చుట్ట ఇది.

పైగా పొద్దున్నే ఒకటి కాల్చకపోతే నాకు కడుపు కదలదు. దానికి నీ ట్రైనింగులో ఏ మెట్టుందో రాయి.

ఆ మొదటి మెట్టు మీద నాకు హాయిగానే ఉంది, గాలి కూడా బాగా వస్తోంది. పక్కింటి బేబి నా పక్కనే కూర్చుని కాలుస్తోంది. మనవలు పుట్టినా దాని పేరు బేబే. నీ ఉత్తరం చదివి వినిపిస్తే "మీ ఆడబొట్టి సదువంతా నీ నోటి మీదే సూపిత్తందేటి" అని నవ్వింది.

జీడితోటలో పని ముగిసింది. నాకు కోపం లేదు.

దేవుడమ్మ

*

ఖరగ్‌పూర్,
14 జులై 2024

వదినా,

కోపం లేదని రాశావంటే ఉందన్నమాటే.

ఎక్కువ రాయను. అమ్మ చివరి నెలల్లో నేను ఇక్కడ డ్యూటీలో ఉన్నాను, దగ్గరుండి చూసింది నువ్వు. నోట్లో పుండన్నారు, పొక్కన్నారు, వేడి చేసిందన్నారు. గంజి కూడా మింగలేకపోతే నువ్వు దూది తడిపి పెదాలకు అద్దావని అన్నయ్య చెప్పాడు. ఆ పుండు అంగిట్లోనే కదా వదినా మొదలైంది? అది పుండు కాకముందు ఎలా ఉండేదో అప్పుడు ఎవరూ టార్చి వేసి చూడలేదు. నేను మొన్న నీ నోట్లో చూశాను.

భయమేసింది. భయం వేసినప్పుడు నాకు దబాయించడమే వచ్చు.

లక్ష్మి

*

నర్సీపట్నం,
20 ఆగస్టు 2024

లక్ష్మీ,

జవాబు ఆలస్యమైందని ఏడుస్తూ కూర్చోలేదు కదా. ఈ ఉత్తరం ఊరికే రాయకూడదని ఆగాను.

నీ రెండో ఉత్తరం బేబికి చదివి వినిపించలేదు. అత్త నోరు కడిగినదాన్ని నేను, నాకు మతిమరుపు లేదు. రోజూ గుర్తుకొస్తూనే ఉంది, అయినా గుర్తుకొచ్చినప్పుడల్లా ఇంకొకటి వెలిగించేదాన్ని. నీ ఉత్తరం వచ్చాక అద్దం తీసుకుని వాకిట్లో ఎండకు నిలబడి, తల వెనక్కి వాల్చి, నా నోరు నేనే చూసుకున్నాను. నువ్వు చెప్పింది నిజమే.

వరలక్ష్మీవ్రతం నాటినుంచి అడ్డపొగ మానేశాను. పొద్దున్నా లేదు, తోటలో లేదు, భోజనాల తర్వాత కూడా లేదు. ఇది చిన్న పనని అనుకోకు. నన్ను చూసి మత్స్యరాజు కొట్టు ముందు కూర్చున్నవాళ్ళంతా ఆగి మరీ నవ్వారు. "మన్మథరావు పెళ్ళానికి మీసాలొచ్చీసేయిరో" అని ఎవరో అన్నారు, నా చెవికి కూడా వినబడింది. మీ అన్నయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బేబి అయితే నా పక్కన కూర్చోవడానికే సిగ్గుపడింది. నేను తల దించలేదు. అంగిలి బాగుపడాలంటే పరువు కాస్త పోతే పోనిమ్మనుకున్నాను.

నీకు ఇప్పుడు నిమ్మళమేనా?

మీ వదిన,
దేవుడమ్మ

*

ఖరగ్‌పూర్,
30 ఆగస్టు 2024

మా వదినకు,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని మా ఆయన్ని నిద్ర లేపాను. ఆయన ఏదో ప్రమాదం జరిగిందనుకుని చొక్కా తొడుక్కున్నాడు.

మీసాలొచ్చాయనే అంటారు మరి. మగాళ్ళ వల్ల కాని పని చేశావు. నవ్వినవాళ్ళలో ఎంతమంది బీడీ మానగలరో అడుగు. అన్నయ్య మాట్లాడకపోవడం మాత్రం నాకు అర్థం కాలేదు. పెళ్ళాం మంచి పని చేస్తే మొగుళ్ళకు ఎందుకో కాస్త ఉక్రోషం వస్తుంది, పోనీలే.

ఆదివారం మా తెలుగు మహిళా సంఘంలో నీ సంగతి చెప్పాను. లేచి నిలబడి చెప్పాను. ఇక్కడ సగంమంది మన వైపు నుంచి వచ్చినవాళ్ళే, అడ్డపొగ అంటే విడమరచి చెప్పనక్కర్లేదు. అన్నేళ్ళ అలవాటు మా వదిన వ్రతం పూట వదిలేసిందని రెండుసార్లు చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టుకు ఎగిరిన మనిషి నా సర్వీసులో ఒక్కరు లేరు, నా ఇంట్లో ఉన్నారు.

బెంగాలు నేత చీర పార్సిల్లో పంపుతున్నాను. తెల్ల చీర, ఎర్ర అంచు. పెట్టెలో దాచకు, కట్టుకుని వీధి అరుగు మీద కూర్చో. నిన్ను చూసి నవ్విన ఊరు నిన్ను ఆ చీరలో చూడాలి.

గర్వంతో,
నీ లక్ష్మి

*

నర్సీపట్నం,
28 సెప్టెంబరు 2024

లక్ష్మీ,

చీర అందింది. నువ్వు చెప్పినట్టే కట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. చప్పట్ల మాట మీ అన్నయ్యకు చదివి వినిపించాను. "సంఘంలో సెప్పీసిందేటి" అని తల పట్టుకున్నాడు. ఆయనకు నేనంటే ఈమధ్య మరీ సిగ్గుగా ఉన్నట్టుంది. సంఘంలో ఎవరూ నవ్వలేదా, చప్పట్లే కొట్టారా అని నాకూ ఆశ్చర్యం వేసింది. మీ ఖరగ్‌పూర్ ఆడవాళ్ళు చాలా ముందుకెళ్ళిపోయారు.

దసరాకు నీ కొడుకు ధర్మతేజ వస్తానన్నాడట, పంపించు. అరిసెలు చేస్తాను. పండగ వెళ్ళాక డాక్టరమ్మ దగ్గరికి నేనే వెళ్తాను. పన్ను పీకించుకోవాలి. నేను సాధించింది ఆమెకు చూపించాలి కూడా.

దేవుడమ్మ

*

నర్సీపట్నం,
20 అక్టోబరు 2024

లక్ష్మీ,

ఈ ఉత్తరం చదివేటప్పుడు నువ్వు నవ్వితే నాకు కనబడదు కాబట్టి నవ్వుకో.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను, నీ చీర కట్టుకునే వెళ్ళాను. "మానీసేను డాక్టరమ్మా" అన్నాను. ఆమె సంతోషపడి దగ్గరికి వచ్చి, ఆగిపోయి, నా చెవి దగ్గర గట్టిగా "మరి ఈ వాసన ఏమిటమ్మా?" అంది. ఏముంది దాచడానికి? నిప్పు లోపల పెట్టుకోవడం మానేశాను, మగాళ్ళలాగ బయటికి తిప్పుకుని కాలుస్తున్నానని చెప్పాను.

లక్ష్మీ, నువ్వు కూడా ఇప్పుడే తెలుసుకుంటున్నావేమోనని నాకు అనుమానం. చీర పంపినప్పుడే అనుకోవలసింది. మీరిద్దరూ నిప్పు, నిప్పు అన్నారు. ఆమె అడిగింది నిప్పు లోపల పెట్టుకుంటారా అని. నువ్వు రాసింది అడ్డపొగ మానమని. నిప్పు తగిలే చోటే కదా తెల్లబడింది, నిప్పు తీసేస్తే సరిపోతుందనుకున్నాను. ఆడది నిప్పు బయటికి పెట్టుకుని వీధిలో కూర్చోవడమంటే ఏమిటో నీకు తెలుసు. ఇన్నాళ్ళూ ఊరంతా నవ్వుతుంటే అంగిలి కోసం ఓర్చుకున్నాను.

డాక్టరమ్మ నవ్వలేదు. ఆమె నవ్వి ఉంటే నేను మళ్ళీ ఆటో ఎక్కేసేదాన్ని. కాలడం తగ్గింది గానీ పాడుచేసేది నిప్పొక్కటే కాదమ్మా, ఆ ఆకు, ఆ పొగ కూడా అని నెమ్మదిగా చెప్పింది. అంగిలి నుంచి ఆవగింజంత ముక్క తీసి పరీక్షకు పంపింది. ఏం వస్తుందో కొన్నాళ్ళకు గానీ తెలియదట. పన్ను కూడా పీకింది.

ఇంటికొచ్చి చుట్టల కట్ట పొయ్యిలో వేశాను. ఈసారి లోపలా లేదు, బయటా లేదు. తల దిమ్ముగా ఉంది, చేతులు ఊరికే చుట్టలు దోపుకునే నడుము దగ్గరికి పోతున్నాయి, మీ అన్నయ్య ఏమీ అనకుండా నడిచి వెళ్ళినా కోపం వస్తోంది. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని కూర్చుంటున్నాను. కడుపు సంగతి అడగకు.

సంఘంలో ఇదివరకు చెప్పింది తప్పని చెప్పాల్సి వస్తే చెప్పు, నాకేం సిగ్గులేదు. కానీ ఈసారి కూడా మెచ్చుకో. ఇది మొదటిదానికంటే కష్టంగా ఉంది.

మీ వదిన,
దేవుడమ్మ

*

ఖరగ్‌పూర్,
21 అక్టోబరు 2024

దేవుడమ్మగారికి,

అప్పలలక్ష్మి రాయునది.

ధర్మతేజ దసరాకు మీ ఇంటికి వచ్చి తీసిన ఫొటోలు నిన్న చూపించాడు. వాడికి అది వేడుకగా ఉంది, నవ్వుతూ చూపించాడు. మీరు నేను పంపిన చీర కట్టుకుని, వీధి అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని, నోట్లో చుట్ట పెట్టుకుని ఉన్నారు. నిప్పు బయటికి ఉంది. పొగ మీ ముఖం చుట్టూ ఉంది. మీరు కెమెరా వైపు చూస్తూనే ఉన్నారు, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

మానలేకపోతే మానలేదని రాయవచ్చు. నేను నర్సును, మానలేనివాళ్ళను అసహ్యించుకోను. మానేశానని రాసి, చప్పట్లు కొట్టించుకుని, చీర పెట్టించుకుని, ఆ చీరలోనే కాల్చడం నాకు అర్థం కాలేదు. సంఘంలో నలుగురి ముందు నిలబడి మీ పేరు చెప్పుకున్నాను. నన్ను మోసం చేశారు.

ఇంక రాయను. మీ నోరు మీ ఇష్టం. అమ్మకు మీరు చేసినట్టు రేపు మీకు ఎవరైనా చేయవలసి వస్తే అప్పుడు కబురు పెట్టండి, వస్తాను.

అప్పలలక్ష్మి

*

ఖరగ్‌పూర్,
29 అక్టోబరు 2024

వదినా,

నువ్వు ఇరవయ్యో తారీకున రాసిన ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. నేను ఇరవై ఒకటిన రాసింది ఈపాటికి నీకు చేరి ఉంటుంది. రెండూ దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటి వెళ్ళాయి.

అన్నయ్యకు ఫోను చేశాను. నా ఉత్తరం చదివావట. చదివి మడిచి కోకచెంగున కట్టుకుని బేబి ఇంటికి వెళ్ళావట. తర్వాత సంగతి అన్నయ్య చెప్పలేదు, నేను గుచ్చి అడగలేదు.

నిప్పు తిప్పి పెట్టుకోవడం నాకు తట్టలేదు వదినా. ఇన్నేళ్ళ సర్వీసులో అలాంటి మనిషిని చూడలేదు. నువ్వు అబద్ధం ఆడలేదు, నాకే అర్థం కాలేదు. ఆ చివరి వాక్యం నేను రాయకుండా ఉండాల్సింది. అది చించెయ్యి.

లక్ష్మి

*

నర్సీపట్నం,
24 నవంబరు 2024

లక్ష్మీ,

అవును, కాల్చాను.

నీ ఉత్తరం "దేవుడమ్మగారికి" అని మొదలైంది. మా అత్త పోయినప్పుడు నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చిన పిల్ల నన్ను గారు అంది. బేబి దగ్గర ఒకటి తీసుకుని వెలిగించాను. నిప్పు లోపలికే పెట్టుకున్నాను, పాత పద్ధతిలో. ఎవరి కోసం బయటికి తిప్పాలి? ఆ వారమంతా కాల్చాను. బేబి చాలా సంతోషించింది, తోడు దొరికిందని.

ఒక సంగతి చెబుతాను, దీన్ని నీ ట్రైనింగులో ఏమంటారో తెలియదు. ఒకరోజు చుట్ట కాలుస్తూ, నీతో మనసులో దెబ్బలాడుతున్నాను. ఒక దమ్ము పీల్చి నీకో జవాబు చెప్పడం, ఇంకో దమ్ము పీల్చి ఇంకో జవాబు. నేను మోసం చేశానా, నువ్వు చేసే వైద్యం ఇదా, ఇలాంటివే. జవాబులు బ్రహ్మాండంగా వస్తున్నాయి. మధ్యలో అంగిలి చుర్రుమంది. డాక్టరమ్మ ముక్క తీసిన చోటది. అప్పుడు తోచింది. కోపం నీ మీద, కాలేది నా నోరు. నువ్వేమో ఖరగ్‌పూర్‌లో అన్నం తిని పడుకుని ఉంటావు.

తీసి పారేశాను. ఎవరో అన్నారని కాల్చడమేమిటి, ఎవరో మెచ్చుకుంటారని మానడమేమిటి. మొదటిసారి నీ కోసం మానాను, తర్వాత నీ మీద కోపంతో కాల్చాను. రెండూ నీవే అయ్యాయి. ఇప్పుడు మానింది నా కోసం. నువ్వు మెచ్చుకోకపోయినా ఫరవాలేదు. అసలు మెచ్చుకోకు కొన్నాళ్ళు, చీరలు పంపకు.

పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సరు కాదట. కాకపోతే ఆ దారి పట్టే రకమేనట. మానేసి ఉంటే చాలావరకు దానంతట అదే వెనక్కి తగ్గుతుంది, మానకపోతే చెప్పలేమని డాక్టరమ్మ అంది. వేసవి ముందు మళ్ళీ రమ్మంది.

బేబి అరుగు మీద నేనిప్పుడు కూర్చోవడం లేదు. భోజనాల తర్వాత ఆ వేళకు మీ అన్నయ్యను నా పక్కన కూర్చోమన్నాను. ఆయన కూర్చుంటున్నాడు గానీ మాట్లాడటానికి ఏమీ దొరక్క చెరుకు రేటు చెబుతున్నాడు.

ఆ చివరి వాక్యం చించలేదు. పెట్టెలో పెట్టాను. నువ్వు అంత భయపడ్డావని నాకు తెలియడానికి అదొక్కటే ఉంది.

మీ వదిన

*

ఖరగ్‌పూర్,
9 జనవరి 2025

వదినా,

చలి బాగా ఉంది. మా ఆయన మోకాళ్ళు పొద్దున్నే సణుగుతున్నాయి, ఆయన కూడా. ధర్మతేజ నీకు క్షమాపణ చెప్పమన్నాడు, నేను వాడికి అరిసెలు బంద్ చేశాను.

సంఘంలో మళ్ళీ లేచి మొత్తం చెప్పాను. నిప్పు తిప్పుకోవడం, చీర, ఫొటో, నా ఉత్తరం, అన్నీ. మొదట నవ్వారు. నీ దమ్ముకో జవాబు సంగతి చెప్పేసరికి ఎవరూ నవ్వలేదు. ఈసారి చప్పట్లు కొట్టలేదు వదినా, ఊరికే కూర్చుండిపోయారు. నాకు మొదటిసారి కంటే ఇదే బాగుంది.

ఇంకో విషయం అడగాలని ఉంది, అడగను. అడగనని రాయడానికే రెండు కాగితాలు పాడుచేశాను, అందుకు మాత్రం నన్ను మెచ్చుకో.

లక్ష్మి

*

నర్సీపట్నం,
13 ఏప్రిల్ 2025

లక్ష్మీ,

నువ్వు అడగలేదు కాబట్టి చెబుతున్నాను. వెలిగించలేదు. రెండుసార్లు చెయ్యి సాచాను, ఒకసారి మీ అన్నయ్యకు జ్వరం వచ్చినప్పుడు, ఒకసారి ఉత్తినే. వెలిగించలేదు.

ముందు ఒక నవ్వే సంగతి. మొన్న చేపల పులుసు పెట్టి నోట్లో వేసుకుంటే ఉప్పుకషాయంలా ఉంది. ఏమిటిది, చెయ్యి జారిందా అని మీ అన్నయ్యను అడిగాను. "రోజూ ఏసినంతే ఏసేవు" అన్నాడు. ఎన్నాళ్ళనుంచని అడిగితే ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నా నాలుక పొగకు మొద్దుబారిపోయి ఇన్నేళ్ళూ ఉప్పు దట్టిస్తుంటే ఆ మనిషి నోరు విప్పకుండా తిన్నాడు. మీ అన్నయ్య గొప్పవాడని ఒప్పుకుంటున్నాను, ఈ ఒక్కసారికి.

ఇక అసలు సంగతి. మన వీధి చివర స్కూల్లో డాక్టరమ్మ క్యాంపు పెట్టింది. నన్ను కూడా అప్పుడే చూస్తానంది. ఆడవాళ్ళు చాలామందే వచ్చారు. వచ్చారన్న మాటే గానీ ఒక్కరూ నోరు తెరవరు. గోడవార నిలబడి చెంగులు అడ్డం పెట్టుకుని ఒకరినొకరు తోసుకుంటున్నారు. తెరవరు మరి, మగాళ్ళంతా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. వాళ్ళలో మీ అన్నయ్యకు అన్న వరసయ్యే జోగులు బావగారు కూడా ఉన్నారు. ఆయన ఎదుట నేను కాపురానికి వచ్చిన నాటినుంచి పళ్ళు కనబడేలా నవ్వింది లేదు. డాక్టరమ్మ బతిమాలుతోంది, ఎండ ముదురుతోంది.

నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి కుర్చీ లాక్కుని, గుమ్మం వైపు తిరిగి వెలుతురులో కూర్చున్నాను. బావగారు అక్కడే ఉన్నారు. తల వెనక్కి వాల్చి, నోరు ఎంత తెరుచుకుంటుందో అంతా తెరిచాను. డాక్టరమ్మ టార్చి వేసింది. చాలాసేపు చూసింది. తర్వాత తన ఫోనులో, మొదట్లో తీసిపెట్టుకున్న నా నోటి ఫొటో తెరిచి నా ముఖం ముందు పెట్టింది, చేతికి అద్దం ఇచ్చింది. ఫొటోలో సున్నం. అద్దంలో చంటిపిల్ల నోరులా ఉంది లక్ష్మీ. ఒక పక్కన గోరంత తెలుపు మిగిలింది, అదీ పోతుందంది.

నేను అద్దం దించి ఆడవాళ్ళని పిలిచాను. "రండర్రా, బేగి రండి. ఈగలు దూరిపోతన్నాయి" అన్నాను. మళ్ళీ నోరు తెరిచాను. మొదట ఒకామె వచ్చి తొంగిచూసింది, తర్వాత ఇంకొకామె. దవడలు లాగేదాకా అలాగే కూర్చున్నాను. సంతలో ఎద్దులా చూస్తున్నారని ఒకప్పుడు నీతో దెబ్బలాడాను కదా, ఆ రోజు నేనే చూడమన్నాను. చూసినవాళ్ళు చూసినట్టే వెళ్ళి వరసలో నిలబడ్డారు. బావగారు తల వంచుకుని, మగాళ్ళందరినీ గేటు బయటికి తీసుకుపోయారు.

నాకు గర్వంగా ఉంది. ఎవరికీ చెప్పుకోకూడదేమో గానీ నీకు చెబుతున్నాను. అత్త ఉంటే ఆమెకు కూడా తెరిచి చూపించేదాన్ని.

వరసలో చివర బేబి నిలబడింది. దాని నోట్లో తెలుపు మధ్యన చిన్న పుండుంది. డాక్టరమ్మ పరీక్ష చేయాలనగానే నోరు మూసుకుని, చెప్పులు చేతపట్టుకుని వెళ్ళిపోయింది. నేను వెనకాల పరిగెత్తలేదు. సాయంత్రం దాని అరుగు మీదకు వెళ్ళి పక్కన కూర్చున్నాను, చాలా రోజుల తర్వాత. అది వెలిగించింది. నేను బుగ్గన కరక్కాయ పెట్టుకున్నాను.

"నాను మాననే," అంది.

"మానమన్నానేటి?"

"మరెందుకొచ్చేవు?"

"ఊసుపోక."

దాని చుట్ట సగం కాలింది. నాకు వాసన వస్తూనే ఉంది, నోరు ఊరలేదని అబద్ధం చెప్పను. లేచి వచ్చేద్దామా అనుకుంటుండగా అది చుట్ట నోట్లోంచి తీసి, నావైపు చూడకుండా, నాకు వినబడేంత గట్టిగా అడిగింది.

"ఆ ముక్క తీసినపుడు నొప్పెట్టిందేటే?"

"సీమ కుట్టినట్టుంటాది. నాను పక్కన కూకుంటాను," అన్నాను.

అది మిగిలిన చుట్ట ఆర్పి పక్కన పెట్టింది. బుధవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామని ఆటో అబ్బాయికి చెప్పి ఉంచాను. బేబికి చెప్పలేదు. పొద్దున్నే వెళ్ళి దాని వాకిట్లో కూర్చుంటాను, రాకపోతే మర్నాడు మళ్ళీ కూర్చుంటాను.

నాకు తొందర లేదు. మానడానికి ఎంతసేపు పడుతుందో తెలిసినదాన్ని. నువ్వు మాత్రం దానికి ఉత్తరం రాయకు.

మీ వదిన,
దేవుడమ్మ